సిమ్యులేటర్‌లో గీత బాగుంటే సరిపోతుందా?

(ఆసుపత్రుల బయోమెడికల్ సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత క్లాసు నాకిచ్చారు. ఎవరైనా కునుకు తీస్తే పక్కవాళ్లే తట్టి లేపండి, నేను గొంతు పెంచలేను.

ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి ఈసీజీ మిషన్ చెక్ చేయడానికి వెళ్లాను. చేతిలో కొత్త సిమ్యులేటర్, అంటే పేషెంటు గుండె సిగ్నల్‌కి నకలు ఇచ్చే పెట్టె. దాన్ని చూసుకుని నాకు కాస్త పొగరు కూడా. 1 మిల్లీవోల్టు సెట్ చేసి ప్రింటు తీశాను. లీడ్ 1లో, అంటే మిషన్ గుండెని చూసే కోణాల్లో మొదటిదానిలో, ఆర్ వేవ్ (బీట్‌లో పైకి లేచే పెద్ద మొన) 7 మి.మీ. ఎత్తే వచ్చింది. మిల్లీవోల్టుకి 10 మి.మీ. రావాలి కదా! మళ్లీ తీశాను, మళ్లీ 7. ఇంకేముంది, గెయిన్ (సిగ్నల్‌ని పెంచి చూపే నిష్పత్తి) పోయిందని రాసి, ‘వాడరాదు’ అని ఎర్ర స్టిక్కర్ అంటించి బస్సెక్కేశాను.

తర్వాతి వారం కంపెనీ సర్వీసు ఇంజినీరు వచ్చాడు. మిషన్ వైపు కన్నెత్తి చూడలేదు. నా సిమ్యులేటర్ మాన్యువల్ అడిగి తీసుకుని, చివర్లో ఉన్న ఒక టేబుల్ మీద వేలు పెట్టాడు. మనం సెట్ చేసే మిల్లీవోల్టు లీడ్ 2కి చెందినదట. లీడ్ 1లో దానిలో 70 శాతం, లీడ్ 3లో 30 శాతం వస్తాయట. అంటే నా మిషన్ 7 మి.మీ. చూపించడం తప్పు కాదు, అలాగే చూపించాలి. వారం రోజులు ఆ ఊళ్లో గుండెనొప్పితో వచ్చినవాళ్లని ఈసీజీ కోసం వేరే ఊరు పంపించారు. ఆ స్టిక్కర్ నేనే గోకి తీశాను.

ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ టేబుల్లోనే మంచి పాఠం ఉంది. లీడ్ 1లో వచ్చింది, లీడ్ 3లో వచ్చింది కలిపితే లీడ్ 2 రావాలి. 7కి 3 కలిపితే 10. ఇది ఐంథోవెన్ సూత్రం. స్ట్రింగ్ గాల్వనోమీటర్‌తో గుండె గీత గీయించి, 1924లో నోబెల్ తెచ్చుకున్న డచ్చి ఆయన. ఆ లెక్కన మిగతా కోణాల్లో ఒకటైన ఏవీఎఫ్‌లో 6.5 మి.మీ. రావాలి, ఏవీఆర్‌లో కిందికి 8.5, ఏవీఎల్‌లో 2. ఏ సిమ్యులేటర్ కొన్నా మొదటి రోజే దాని టేబుల్ ఫొటో తీసి పెట్టె మూతకి అంటించండి. అన్నిటికీ 70, 30 ఉండాలని లేదు.

అసలు విషయానికి వద్దాం. ‘ఈసీజీ మిషన్లు టెస్ట్ చేయడానికి ఏ ఎక్విప్‌మెంట్ కొనమంటారు సార్’ అని అడుగుతుంటారు. అడిగేవాళ్ల మనసులో అప్పటికే ఒక మోడల్ ఉంటుంది, నేను ఊ అంటే చాలు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: మిషన్ గురించి ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు? పేషెంట్ సిమ్యులేటర్ పని పేషెంటులా నటించడం. కేబుల్ తెగిందా, లీడ్లు తారుమారయ్యాయా, ప్రింటర్ తిరుగుతోందా అన్నది అది చెబుతుంది. గీత సరిగ్గా కొలిచినట్టు వచ్చిందా అనేది వేరే ప్రశ్న, దానికి వేరే సాధనం కావాలి. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే మన బడ్జెట్లు, స్టిక్కర్లు రెండూ వృథా అవుతున్నాయి.

నిర్ధారణకి వాడే ఈసీజీ మిషన్లకి ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన 60601-2-25 అనే ప్రమాణం ఉంది. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల ఐఎస్ 13450 వరసలో దాన్నే తీసుకున్నారు. ఐసీయూ మానిటర్లకి 2-27, ఒంటికి తగిలించుకుని తిరిగే హోల్టర్‌కి 2-47. అమెరికా పాత పత్రాల్లో ఈసీ 11, ఈసీ 13 అని కనిపిస్తాయి. నంబర్లు గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు. మానిటర్‌కి పెట్టే పరీక్ష, 12 లీడ్ల మిషన్‌కి పెట్టే పరీక్ష ఒకటి కాదన్నది మాత్రం మర్చిపోకండి. మానిటర్‌కి లయ తెలిస్తే చాలు. 12 లీడ్ల మిషన్ గీసిన ఎస్‌టీ సెగ్మెంట్ (పెద్ద మొన తర్వాత వచ్చే గీత భాగం) చూసి డాక్టరు క్లాట్ కరిగించే మందు ఇవ్వాలా వద్దా అని నిర్ణయిస్తాడు.

ఆ ఎస్‌టీ దగ్గర కొంచెంసేపు ఆగుదాం. నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇక్కడే ఉంది.

ఒక ఆసుపత్రిలో పాత మిషన్. ‘ఈ మధ్య చాలామందికి ఎస్‌టీ కిందికి దిగినట్టు వస్తోంది, ఇంతమందికి జబ్బుంటుందా’ అని అక్కడి డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. మావాళ్లు సిమ్యులేటర్ పెట్టి చూసి, నార్మల్ సైనస్ (మామూలు గుండె లయ) చక్కగా వస్తోంది, మిషన్ ఓకే అన్నారు. నేను వెళ్లి ఇంపల్స్, అంటే ఒకే ఒక్క చిన్న వోల్టేజీ పల్స్, పెట్టాను. 3 మిల్లీవోల్టులు, 100 మిల్లీసెకన్లు, అంతే. కాగితం మీద ఎలా కనిపించాలి? 30 మి.మీ. పైకి లేచి, రెండున్నర మి.మీ. దూరం పోయాక నిట్టనిలువుగా దిగి, మొదలైన గీత దగ్గరే ఆగాలి. కిందికి జారితే 0.1 మిల్లీవోల్టు, అంటే 1 మి.మీ. లోపే జారాలి. ఆ మిషన్‌లో గీత 8 మి.మీ. కిందికి పోయి, నెమ్మదిగా పైకి పాకుతూ వచ్చింది.

ఎందుకలా? డయాగ్నస్టిక్ మోడ్‌లో మిషన్ 0.05 హెర్ట్జ్ దాకా కిందికి, అంటే చాలా నెమ్మదైన మార్పులని కూడా, వినాలి. అప్పుడు టైమ్ కాన్‌స్టంట్, అంటే గీత ఎంత నెమ్మదిగా జారుతుందో చెప్పే కాలం, సుమారు 3.2 సెకన్లు. ఎవరో బేస్‌లైన్ ఊగుతోందని సెట్టింగ్స్‌లోకి వెళ్లి 0.5 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టేశారు. టైమ్ కాన్‌స్టంట్ పదో వంతుకి, 0.32 సెకన్లకి పడిపోయింది. లెక్క వేసి చూడండి: 0.05 దగ్గర ఆ ఇంపల్స్ తర్వాత గీత 0.09 మిల్లీవోల్టు మాత్రమే జారుతుంది. 0.5 దగ్గర 0.8 దాకా జారుతుంది. కాగితం మీద 8 మి.మీ. సరిగ్గా అదే మాకు కనిపించింది. పేషెంటుకి క్యూఆర్ఎస్ (బీట్‌లోని ఆ పెద్ద మొన) పెద్దగా ఉంటే దాని వెనకే గీత ఇలా లోతుకి దిగుతుంది. చూసేవాళ్లకి అది ఎస్‌టీ డిప్రెషన్. కొత్త డిజిటల్ మిషన్లలో ఫిల్టర్లు తెలివిగా రాస్తారు కాబట్టి అన్నిచోట్లా ఇదే అంకె రాదు. పరీక్ష మాత్రం ఇదే.

సిమ్యులేటర్ నార్మల్ సైనస్‌లో ఇది మావాళ్లకి ఎందుకు తెలియలేదు? అసలు గీత ఎలా ఉండాలో ఎవరి మనసులోనూ మి.మీ. లెక్కన లేదు. ‘బాగుంది’ అన్నది కొలత కాదు కదా. కాబట్టి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి మాట: గుండె వేవ్‌లు ఎన్ని ఉన్నాయని కాదు, స్క్వేర్, సైన్, ట్రయాంగిల్, ఇంపల్స్ ఇస్తుందా, వాటి ఆంప్లిట్యూడ్ (ఎత్తు) కచ్చితత్వం ఎంత? బ్రోషర్‌లో ‘40కి పైగా అరిథ్మియాలు’ (లయ తప్పిన గుండె గీతలు) అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆంప్లిట్యూడ్ సంగతి ఆఖరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆఖరి పేజీ ముందు చదవండి.

అక్కడ ఎంత ఉండాలి? మిషన్ గెయిన్ తప్పు 5 శాతం దాటకూడదు. 10 మి.మీ. బదులు 9.5 నుంచి 10.5 దాకా రావచ్చు. కొలిచేది దానికి కనీసం నాలుగు రెట్లు నమ్మకంగా ఉండాలన్నది మన వృత్తిలో పాత లెక్క. అంటే సుమారు 1 శాతం. సిమ్యులేటర్ 2 శాతం అంటే సర్దుకోవచ్చు, అంచున వచ్చిన మిషన్ మీద మాత్రం తీర్పు చెప్పలేం. 5 శాతం అని రాసి ఉంటే దాంతో 5 శాతం కొలవడం అంటే తూకం రాయి బరువు మీద అనుమానం ఉన్న తక్కెడతో బంగారం తూచడమే.

మిషన్ తనంతట తాను వేసే 1 మిల్లీవోల్టు కాలిబ్రేషన్ పల్స్ చూసి మోసపోవద్దు. పాత మిషన్లలో అది నిజంగా ఆంప్లిఫయర్ గుండా వచ్చేది. ఇప్పటివాటిలో చాలా మటుకు సాఫ్ట్‌వేర్ గీసే బొమ్మ. ఇన్‌పుట్ బోర్డు సగం కాలిపోయినా ఆ పల్స్ 10 మి.మీ. ఠంచనుగా వస్తుంది.

ఫ్రీక్వెన్సీ పైవైపు కూడా అంతే. 150 హెర్ట్జ్ దాకా మిషన్ వినాలి, అక్కడ 30 శాతం వరకు తగ్గినా ఒప్పుకుంటారు. 10 హెర్ట్జ్ సైన్ పెట్టి ఎత్తు కొలిచి, అదే ఆంప్లిట్యూడ్‌తో 40, 100, 150 పెట్టుకుంటూ పోవాలి. 25 మి.మీ. వేగం దగ్గర 150 హెర్ట్జ్ గీతలా కనిపించదు, నల్ల పట్టీలా వస్తుంది. పట్టీ ఎత్తు కొలవండి. పట్టీ అంచు అలలు అలలుగా ఉంటే భయపడకండి. సెకనుకి 500 శాంపిళ్లు తీసే మిషన్‌కి ఒక్కో అలకి మూడు చుక్కలే దక్కుతాయి, ఒక్కోసారి శిఖరం తప్పిపోతుంది. ఎక్కువ ఎత్తున్న చోట కొలవండి. ముందు ఫిల్టర్లన్నీ ఆఫ్ చేశారో లేదో చూసుకోండి. 40 హెర్ట్జ్ ఫిల్టర్ ఆన్‌లో ఉంచి మిషన్ ఫెయిలని రాసినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. (నవ్వులు) పేర్లు చెప్పనులెండి.

ఇక సిమ్యులేటర్ అసలు చేయలేని పనులు. ఇవి తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

సిమ్యులేటర్ మీద ‘50 హెర్ట్జ్ నాయిస్’ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి, గీత శుభ్రంగా ఉంటే ‘సీఎంఆర్ఆర్ ఓకే’ అని రాసేస్తారు. సీఎంఆర్ఆర్ అంటే కామన్ మోడ్ రొదని మిషన్ ఎంత అణచగలదో చెప్పే కొలత. ఆ బటన్ ఈసీజీ సిగ్నల్ మీదే 50 హెర్ట్జ్ కలిపి పంపుతుంది. మిషన్‌లో ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసే నాచ్ ఫిల్టర్ దాన్ని కోసేస్తుంది. అంటే మీరు పరీక్షించింది ఫిల్టర్‌ని. కామన్ మోడ్ అంటే శరీరం మొత్తం మీద, అన్ని ఎలక్ట్రోడ్ల మీద ఒకేసారి ఎక్కే కరెంటు రొద. దానికి వేరే పెట్టె ఉంటుంది: 20 వోల్టుల 50 హెర్ట్జ్‌ని 100 పికోఫారడ్ కెపాసిటర్ గుండా అన్ని లీడ్లకీ కలిపి ఇస్తారు. తర్వాత ఒక్కో లీడ్‌లో 51 కిలో ఓమ్‌లు, దానికి సమాంతరంగా 47 నానోఫారడ్‌లు పెట్టి అసమతుల్యం తెస్తారు. ఎండిపోయిన జెల్ ఉన్న ఎలక్ట్రోడ్‌కి అది నకలు. నాచ్ ఫిల్టర్ ఆఫ్‌లో ఉండగా గీత మందం 10 మి.మీ. దాటకూడదు. తైవాన్‌కి చెందిన వేల్‌టెక్ లాంటి కంపెనీలు అచ్చంగా దీనికే పరికరం చేస్తాయి.

అలాగే డీసీ ఆఫ్‌సెట్. వెండి, సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ చర్మాన్ని తాకితే చిన్న బ్యాటరీ సెల్ అవుతుంది. రెండు ఎలక్ట్రోడ్లు ఒకేలా ఉంటే ఆ వోల్టేజీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మన దగ్గర ఏం జరుగుతుంది? ఒక చేతికి కొత్త క్లాంపు, రెండో చేతికి పూత లేచిపోయినది, జెల్ అయిపోతే నీళ్లు తడిపిన దూది. 1 మిల్లీవోల్టు గుండె సిగ్నల్ కింద వందల మిల్లీవోల్టుల పీఠం తయారవుతుంది. అందుకే ప్లస్ లేదా మైనస్ 300 మిల్లీవోల్టులున్నా మిషన్ మామూలుగా గీయాలని ప్రమాణం అడుగుతుంది. జేబులో పట్టే సిమ్యులేటర్లు ఈ 300 ఇవ్వవు. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (వచ్చే సిగ్నల్‌కి మిషన్ చూపే నిరోధం) కూడా అంతే, లీడ్‌లో 620 కిలో ఓమ్‌లు పెట్టి సిగ్నల్ 20 శాతానికి మించి తగ్గకుండా ఉందా అని చూడాలి. సిమ్యులేటర్‌లో లీడ్ల వెనక దానితో పోలిస్తే చాలా తక్కువ ఓమ్‌లే ఉంటాయి. అంత మెత్తటి పేషెంటు మీద ఏ మిషనైనా పాసవుతుంది.

డీఫిబ్రిలేటర్ తట్టుకునే పరీక్ష మాత్రం దయచేసి ఆసుపత్రిలో పెట్టకండి. 5,000 వోల్టులు. అది లేబొరేటరీలో, తయారీదారు చేసుకునేది. మీ సిమ్యులేటర్ మీద డీఫిబ్ షాక్ ఇవ్వొచ్చా లేదా అన్నది కూడా మాన్యువల్‌లో చూడండి. కాలిపోతే వారంటీ రాదు.

లీకేజీకి, అంటే మిషన్ నుంచి పేషెంటు ఒంట్లోకి కారే కరెంటు కొలవడానికి, సేఫ్టీ అనలైజర్ విడిగా కావాలి. గుండె గుర్తు ఉన్న సీఎఫ్ రకం (లీకేజీ నుంచి అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్నది) అయితే పేషెంట్ లీకేజీ మామూలు స్థితిలో 10 మైక్రోఆంపియర్లు, ఒక లోపం ఉన్నప్పుడు 50. ఆసుపత్రిలో ఏటేటా చేసే పరీక్షకి ఐఈసీ 62353 ఉంది, అందులో కొలిచే పద్ధతి వేరు. ఒకదాని పద్ధతికి ఇంకోదాని అంకె పెట్టకండి. అనలైజర్‌కి పేషెంటు తీగలు గుచ్చే పోస్టులు పది ఉన్నాయా చూడండి. రెండే ఉన్నవి ఉంటాయి, పది తీగలూ ముడేసి గుచ్చాల్సి వస్తుంది.

రంగుల సంగతి ఒక్క మాట. ఐఈసీ కేబుల్‌లో కుడి చేయి ఎరుపు, ఎడమ చేయి పసుపు, ఎడమ కాలు ఆకుపచ్చ, కుడి కాలు నలుపు. అమెరికా కేబుల్‌లో కుడి చేయి తెలుపు, ఎడమ చేయి నలుపు, ఎడమ కాలు ఎరుపు, కుడి కాలు ఆకుపచ్చ. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ మూడూ రెంటిలోనూ ఉన్నాయి, చోట్లు మాత్రం వేరు. పోస్టుల మీద రెండు రకాల రంగులూ వేసిన సిమ్యులేటర్ కొంటే చాలా టెన్షన్ తప్పుతుంది.

తయారీదారుల దగ్గర నుంచి ఒకరిద్దరు వచ్చినట్టున్నారు. మీ కథ వేరు. మిషన్ తనంతట తానే పీఆర్, క్యూటీ (గీతలోని భాగాల మధ్య వ్యవధులు) లెక్కించి రాస్తే, ఆ లెక్క సరైనదో కాదో చూడటానికి సీటీఎస్ అనే కాలిబ్రేషన్ వేవ్‌ల సెట్ ఉంది. వాటిని వినిపించాలంటే ఒక్కో ఎలక్ట్రోడ్‌కి విడిగా సిగ్నల్ ఇచ్చే మల్టీచానల్ జనరేటర్ కావాలి. ఒక చానల్ దాంతో పని జరగదు. అరిథ్మియా పట్టే సాఫ్ట్‌వేర్ అయితే ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్ ఉంది, అరగంట చొప్పున 48 రికార్డులు. ఇవి ఆసుపత్రికి అక్కర్లేదు, ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి.

సిమ్యులేటర్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ దగ్గర కూడా కొంచెం కళ్లు తెరవాలి. ఎన్‌ఏబీఎల్ (లేబొరేటరీలకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తు ఉందా అని చూసి ఫైల్లో పెట్టేస్తారు. లోపల ఏం కొలిచారో చదవండి. నా దగ్గరికి వచ్చిన కొన్నిటిలో హార్ట్ రేట్ ఒక్కటే ఉంది: 30, 60, 120, 180. రేటు క్రిస్టల్ మీద నడుస్తుంది, అది ఎక్కడికీ పోదు. జారిపోయేది ఆంప్లిట్యూడ్. దాన్ని కొలవని సర్టిఫికెట్‌కి డబ్బు కట్టొద్దు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘ఆంప్లిట్యూడ్, ఫ్రీక్వెన్సీ, రేటు, అనిశ్చితితో సహా’ అని రాసి ఇవ్వండి.

(ప్రశ్న: సార్, మా జిల్లా ఆసుపత్రికి అంత బడ్జెట్ రాదు. ఒక్కటే కొనమంటే ఏది?)

మంచి ప్రశ్నమ్మా. 12 లీడ్ల సిమ్యులేటర్, పెర్ఫార్మెన్స్ వేవ్‌లు (ఇందాక చెప్పిన స్క్వేర్, సైన్ లాంటివి) ఉన్నది, ఆంప్లిట్యూడ్ తప్పు 2 శాతం లోపు. సేఫ్టీ అనలైజర్ మీ దగ్గర ఇప్పటికే ఉంటుంది, వేరే పరికరాలకీ అదే కావాలి కదా. మిగతాది చేత్తో చేసుకోవచ్చు. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 100 ఓమ్‌లది ఒకటి, 0.1 శాతం రకం కొనండి. రెండూ వరసగా కలిపి ఫంక్షన్ జనరేటర్ నుంచి 1 వోల్టు ఇస్తే 100 ఓమ్‌ల మీద 0.999 మిల్లీవోల్టు దొరుకుతుంది. ప్రమాణాల్లోని టెస్ట్ సర్క్యూట్లలో ఉండేదీ ఇదే తరహా డివైడర్. 1 మిల్లీవోల్టుని నేరుగా మామూలు మల్టీమీటర్‌తో నమ్మకంగా కొలవలేం, 1 వోల్టుని కొలవగలం, అదే ఇందులో కిటుకు. రేకు పెట్టెలో పెట్టండి, లేకపోతే ట్యూబ్‌లైట్ రొద అంతా అందులోకి వస్తుంది. మిషన్‌కి పేషెంటు తగిలించి ఉండగా మాత్రం ఆ పెట్టె దగ్గరికి కూడా తేవద్దు.

(ప్రశ్న: ఆన్‌లైన్లో చాలా చవగ్గా దొరికేవి ఉన్నాయి కదా సార్, అవి?)

కొనుక్కోండి. కేబుల్ చెక్ చేయడానికి భేషుగ్గా పనికొస్తాయి, నా బ్యాగులోనూ ఒకటి ఉంది. దాని వెనక ‘కొలతకు కాదు’ అని మార్కర్‌తో రాసిపెట్టాను. మా కుర్రాళ్లు తొందరలో దాంతోనే రిపోర్టు రాసేస్తారేమోనని.

టైమ్ అయిపోతోంది కాబట్టి చివరిది చేసి చూపిద్దాం. ఆ గళ్ల చొక్కా అబ్బాయి, ఇలా రా. ఇదిగో మిషన్, సిమ్యులేటర్ 60 మీద ఉంది. రిథమ్ స్ట్రిప్ కొంచెం పొడుగ్గా తియ్యి. సెకనుకి 25 మి.మీ. కాబట్టి మొదటి ఆర్ నుంచి పదకొండో ఆర్ దాకా పది సెకన్లు, 250 మి.మీ. రావాలి. ఒక్క బీట్ కొలిస్తే 5 శాతం తప్పు 1.25 మి.మీ. మాత్రమే, కంటికి ఆనదు. పది కొలిస్తే 12.5 మి.మీ. గళ్లు లెక్కపెట్టు ముందు. ఎంత?

(సరిగ్గా 50 పెద్ద గళ్లు సార్.)

అంటే 250. స్పీడ్ కరెక్ట్ అంటావు. ఇప్పుడు ఈ స్టీలు స్కేలు పెట్టి కొలువు.

(243 సార్.)

చూశారా? ఇది గళ్లు లేని తెల్ల థర్మల్ పేపర్. గీతనీ గళ్లనీ కూడా మిషనే ముద్రిస్తోంది. రోలర్ అరిగి కాగితం నెమ్మదిగా కదిలితే గీతతో పాటు గళ్లూ దగ్గరవుతాయి. గళ్లు లెక్కపెడితే ఈ తప్పు జన్మలో దొరకదు. కాబట్టి మీ లిస్టులో ముందు రాసుకోండి, స్టీలు స్కేలు, 30 సెంటీమీటర్లది.

(పాస్ అని రాయొచ్చా సార్? 3 శాతమే కదా తేడా.)

రాయి. 243 అని కూడా పక్కన రాయి. వచ్చే ఏడాది 239 వస్తే రోలర్ ముందే తెప్పించుకోవచ్చు.